రెండో మెట్టు

అక్క ఫోన్‌ని సోఫా మీదికి విసిరేసింది.

"మళ్లీ వచ్చింద్రా!"

"ఎవరక్కా?"

"నీడ."

కంప్యూటర్ ముందున్న తమ్ముడు కుర్చీ ఇటు తిప్పాడు.

"కాస్త మనసు కుదుటపడుతుందని ఆట చేతికిస్తే, దెయ్యాన్ని పట్టుకున్నావేంటి?" అన్నాడు. అన్నాడే గానీ నవ్వలేదు.

'జెండా పరుగు' అతను తయారుచేసిన ఆటే. ఫోన్‌లో వీధుల వెంట పరిగెత్తాలి, ఎదురొచ్చే బండ్లను తప్పించుకోవాలి. స్కోర్ల పట్టికలో ఒక మెట్టు ఎక్కాలంటే దాని మీదున్నవాళ్లను పోటీకి పిలిచి ఓడించాలి. పిలిచే హక్కు సరిగ్గా ఆ కింది మెట్టు వాళ్లకే. పిలిస్తే ఆడితీరాలి. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు నిజంగా ఉండే వీధిలో, మ్యాపు మీద, ఎర్రజెండా పాతి ఒక ముక్క రాసి పోవచ్చు. జనానికి పిచ్చెక్కించింది ఆ జెండాయే.

మొదటి మెట్టు అక్కది. ఆటలో పేరు పిచ్చుక. అది ఆమె చిన్ననాటి ముద్దుపేరు, అత్తింట్లోనూ తెలిసిన పేరే.

మొగుడి ఇంటి నుంచి కట్టుబట్టలతో వచ్చేసింది. నంబరు మార్చుకుంది, ఊరు మార్చుకుంది, గుమ్మం దాటడం మానేసింది. ఆమెకంటూ మిగిలింది ఆ మెట్టొక్కటే.

"ఆట ఎప్పుడు తెరిచినా నాకంటే ముందే వచ్చి ఉంటోంది," అంది అక్క. "పేరు పక్కన పచ్చ దీపం. నెలల తరబడి నా కింద, రెండో మెట్టు మీదే. ఒక్కసారి కూడా పోటీకి పిలవదు."

"పిలిస్తే ఓడించెయ్."

"నేను ఓడితే?"

ఓడితే ఈ వీధి అవతలి మనిషికి కనిపిస్తుంది. సరదాకని ఆ రూలు పెట్టింది తమ్ముడే.

"బావ అనుకుంటున్నావా?"

"ఇంకా బావేంట్రా వాడు!"

"సరే, వాడేనా?"

"వాడి పద్ధతి ఇదే. అరవడు. కుర్చీలో కూర్చుని నన్నే చూస్తుంటాడు. ఎప్పుడు లేస్తాడో తెలీదు. లేచేదాకా నాకు ఊపిరాడదు."

"జెండా రూలు ఎత్తేస్తాను. కానీ కొత్త వెర్షన్ బయటికి రావడానికి వారం పడుతుంది. అందాకా నీ ఖాతా తీసేయనా?"

"ఇల్లు నేనే వదిలొచ్చాను. ఈ మెట్టు కూడా నేనే దిగాలా? దాన్నే తీసెయ్."

అందులో న్యాయం ఉంది. తమ్ముడు నీడ ఖాతా తెరిచాడు. 'రద్దు చేయాలా?' అని అడిగింది కంప్యూటర్. వెనకాముందూ చూడకుండా నొక్కేశాడు.

పచ్చ దీపం ఆరిపోయింది.

అక్క ఆ పూట కడుపునిండా తింది. ప్లేటు కడుగుతూ కూనిరాగం కూడా తీసింది. ఆ రాగం విని ఎన్నాళ్లయిందో తమ్ముడికి గుర్తు రాలేదు.

"రెండో మెట్టు ఖాళీ అయిందిగా, మూడోవాడు పైకి జరిగాడు," అన్నాడు పట్టిక చూస్తూ. "పేరు 'యజమాని' అట."

"ఎవడో ఇంటి ఓనరు అయ్యుంటాడు."

"అద్దె అడిగితే నా పేరు చెప్పకు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వి ఉండకూడదు.

మర్నాడు మధ్యాహ్నం పిలుపు వచ్చింది. యజమాని పోటీకి రమ్మంటున్నాడు.

"రానీ," అంది అక్క చీర కొంగు నడుముకి చెక్కుకుంటూ. "నీడనే దిగ్గొట్టినవాళ్లం."

యజమాని బాగా రాటుదేలినవాడు. అక్క ఏ సందులోకి తిరిగినా వెనకే వచ్చాడు. ఆమె తడబడే మూలలన్నీ ముందే తెలిసినట్టు అక్కడ కాచుకున్నాడు. చివరి మలుపులో లారీకి గుద్దుకుని పిచ్చుక పడిపోయింది.

మ్యాపు తెరుచుకుంది. ఊరు దగ్గరికి వచ్చింది, తర్వాత పేట, తర్వాత వీధి. వాళ్ల వీధి మొదట్లో ఎర్రజెండా లేచింది. దాని కింద ఒక ముక్క.

'పిచ్చుకా, బట్టలు సర్దుకో. వస్తున్నా.'

అక్క ఏడవలేదు. లేచి వెళ్లి తలుపు గడియ వేసింది. వేసిన గడియను మళ్లీ ఒకసారి లాగి చూసింది.

"వాడేరా."

"పద, పోలీస్ స్టేషన్‌కి వెళ్దాం." తమ్ముడు లేచినవాడే మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. "ఒక్క నిమిషం. నీడ పేరుతో కాపు కాసిందీ వాడేనని రుజువు పట్టుకెళ్దాం. ప్రతి పోటీ స్కోరూ ఆటలో దాచి ఉంటుంది. ఎవరు ఎవరితో ఆడారు, ఎవరు గెలిచారు, ఏ కనెక్షన్ మీంచి ఆడారు, అన్నీ."

పాత స్కోర్లు తెరిచాడు. కిందికి జరుపుతూ పోయాడు. జరుపుతున్న చెయ్యి ఆగింది.

"ఏమైందిరా?"

"యజమాని రోజూ రెండో మెట్టును పోటీకి పిలిచాడక్కా. రోజూ ఓడిపోయాడు."

"ఎవరి చేతిలో?"

"నీడ చేతిలో. ఆ మెట్టెక్కాక నీడ ఆడిందంతా వీడితోనే. వీణ్ణి పైకి రానివ్వలేదు."

అక్క కంప్యూటర్ మీదికి వంగింది.

"ఎక్కణ్ణుంచి ఆడింది?"

అతను కనెక్షన్ వివరాలు చూశాడు. నమ్మకం కలగక మళ్లీ చూశాడు.

"ఇద్దరిదీ ఒకే ఇంటి వైఫై."

ఆ ఇంట్లో ఆ మొగుడు కాక ఉండేది ఒక్కరే: అక్క దెబ్బలు తింటున్నన్నాళ్లూ ఆ మూల కూర్చుని, ఫోన్‌లోంచి తలెత్తి కూడా చూడని అత్తగారు.