గోడవైపు కుర్చీ

"రెండు వయోలాలూ వాయించమను. ఏది ముసలిదో నేను చెబుతాను," అన్నారు మామగారు, కుర్చీని గోడవైపు తిప్పుకుంటూ.

అల్లుడు రెండింటినీ తెచ్చి, వాయించబోయే భార్య ముందు పెట్టాడు.

మామగారిది పాత వాద్యాల దుకాణం. ముందుగది అద్దాల బీరువాలో వందేళ్లు దాటిన వయొలిన్లకూ, వాటికి అక్కల్లాంటి వయోలాలకూ తప్ప చోటు లేదు. అల్లుడు వెనకగదిలో మరమ్మతులు చేస్తాడు. తీరిక దొరికితే సొంతంగా కొత్త వాద్యాలు కూడా చేస్తాడు. చేసిన ప్రతిదాన్నీ మామగారు ఈ కుర్చీలోనే కూర్చుని పరీక్షించి, "పచ్చి గొంతు" అనేవారు. అది అటకెక్కేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సరిపెట్టుకుందామన్నా, ఆ రెండు మాటలూ నిద్రలో కూడా వినిపించేవి.

ఈసారి వయోలా చేశాడు. పలకను గోకుతూ, వేలితో తట్టి వింటూ, మళ్లీ గోకుతూ. ఇది నెగ్గితే బీరువాలోకి వెళుతుంది. లేకపోతే ఇక ఉలి ముట్టనని భార్యతో అనేశాడు.

మామగారివి పాముచెవులని వాద్యగాళ్లందరి నమ్మకం. కళ్లకు గంతలు కట్టుకోమంటే మాత్రం ఒప్పుకోరు. గోడను చూస్తూ కూర్చుంటే చాలదా అంటారు. మొన్న ఒకాయన తాతలనాటిదంటూ వయొలిన్ తెచ్చాడు. నాలుగు స్వరాలు పలికాయో లేదో, మామగారి కాళ్ల దగ్గర పడుకున్న కుక్క లేచి గుమ్మం దాటింది.

"కుక్కక్కూడా నచ్చలేదయ్యా మీ తాత," అని నవ్వి, అది కొత్తదని ఆయన తేల్చేశారు.

మనిషికి పట్టింపూ ఎక్కువే. వెనక నుంచి పిలిస్తే పలకరు. ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడాలి.

కూతురు మొదట పాత వయోలా అందుకుంది. పైపలక మీద అతుకు. గడ్డాలు ఆని ఆని వార్నిష్ పోయినచోట తేనెరంగు చెక్క. మధ్యాహ్నం నిద్ర లేచిన పెద్దమనిషి గొంతులా మందంగా, వెచ్చగా పలికింది. మామగారు తల వంచుకుని కూర్చున్నారు. కుక్క కళ్లు మూసుకుంది.

తర్వాత కొత్తది. అదే పాట. అల్లుడు వింటున్నది పాటను కాదు. పచ్చిదనం ఎక్కడ బయటపడుతుందోనని ఒక్కో స్వరాన్నీ అనుమానిస్తున్నాడు. మామగారి వీపులో కదలిక లేదు. కుక్క గురక మొదలుపెట్టింది. దాని సుఖం చూసి అల్లుడికి అసూయ కలిగింది.

పాట ముగిసింది. కూతురు వచ్చి భుజం తట్టేదాకా మామగారు కదల్లేదు. అంతగా లీనమైపోతారు. ఇటు తిరిగిన ఆ ముఖంలో అల్లుడు మొదటిసారి అయోమయం చూశాడు.

"నాతో ఆటలాడుతున్నారా? రెండూ ముసలివే."

అల్లుడు ఎదురుగా వెళ్లి, రెండోది తాను చేసిందేనని చెప్పాడు. మామగారు అతని పెదాలనే చూస్తూ మళ్లీ చెప్పించుకున్నారు. లేచి, బీరువా తాళంచెవి అతని చేతిలో పెట్టారు.

"మధ్య అరలో పెట్టు. పక్కదాన్ని కాస్త జరుపు, ఆ ముసలాయనేమీ అనుకోడు."

అల్లుడు వయోలాను చంటిపిల్లలా ఎత్తుకుని ముందుగదిలోకి పరుగెత్తాడు.

కూతురు మాత్రం ఆగి, తండ్రి చెవులు పూర్తిగా పోయిన నాటి నుంచీ ఆయన తరఫున వింటున్న కుక్క తల నిమిరింది.