‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చింది

“కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?” అని మంచం మీది మేడమ్ స్పానిష్‌లో అడగ్గానే శిష్యురాలి గుండె గతుక్కుమంది.

అడిగింది నీళ్ళే. కానీ భర్త మొహంలోకి చూస్తూ ‘ఉస్తెద్’ అంది.

“ఏమంటోందమ్మా?” అన్నాడాయన ఆత్రంగా.

“మంచినీళ్ళు కావాలట, బాబాయిగారూ.”

ఆయన గబగబా లేచి గ్లాసు అందించాడు. మేడమ్ రెండు గుక్కలు తాగి, చాలా మర్యాదగా తల వంచి గ్లాసు తిరిగిచ్చింది.

నిన్న క్లాసులో పాఠం చెబుతూ మేడమ్ బోర్డు దగ్గరే కుప్పకూలింది. మెదడులో రక్తనాళం చిట్లింది. కళ్ళు తెరిచేసరికి పుట్టి పెరిగిన భాష ఒక్క ముక్క మిగల్లేదు. పెద్దయ్యాక నేర్చుకుని, జీవితమంతా ఇతరులకి నేర్పిన స్పానిష్ మాత్రం చెక్కుచెదరలేదు. రెండు భాషలున్న బుర్రకి దెబ్బ తగిలితే ఒకటి పోయి ఒకటి మిగలడం వింతేమీ కాదని మేడమే తన పరిశోధనలో రాసింది. ఆస్పత్రిలో ఆ భాష తెలిసినవాళ్ళు లేక, ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న ఈ అమ్మాయిని దుబాసీగా కూర్చోబెట్టారు.

మేడమ్ మాట్లాడే స్పానిష్‌లో సొంతవాళ్ళని ‘తూ’ అంటారు, నువ్వు అని. ‘ఉస్తెద్’ అంటే మీరు. అది పరాయివాళ్ళకి. పొద్దున మేడమ్ భర్తని తూ అనే పిలిచింది. ఇంట్లో ఆయన్ని ఎప్పుడూ మీరు అనే అంటుంది కాబట్టి, శిష్యురాలు ఆ తూని కూడా మీరు అనే తర్జుమా చేసింది. ఇప్పుడు తూ పోయి ఉస్తెద్ వచ్చింది. తర్జుమాలో మాత్రం ఏ తేడా లేదు.

“మనుషుల్ని పోల్చుకోవడంలో ఏ కాస్త తేడా వచ్చినా నాకు చెప్పాలి,” అన్నాడు పొద్దున డాక్టరు. “అంటే లోపల వాపు పెరుగుతున్నట్టే. ఇక ఆగడానికి లేదు, ఆపరేషన్ చెయ్యాల్సిందే.”

నోరు జారి ఉంటుందిలే అని శిష్యురాలు సర్దిచెప్పుకుంటుండగానే మేడమ్ ఆమెని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

“ఆ పెద్దాయన ఎవరు? పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారు. పాపం, ఇంట్లో ఎవరూ లేరా?”

ఆయన మంచానికి అవతలి వైపు నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. నిన్నటి గడ్డం.

“ఏమంది?”

“మీరు పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారట. ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చమంటున్నారు.”

ఆయన శిష్యురాలి కళ్ళల్లోకి చూశాడు. “అంతేనా అమ్మా?”

“అంతే, బాబాయిగారూ.”

ఆయన గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డాడు.

తలుపు తోసుకుని డాక్టరు వచ్చాడు. “ఏమైనా మార్పు ఉందా?”

శిష్యురాలు కుర్చీ వైపు చూసింది. ఆయన కూడా ఆమె జవాబు కోసమే చూస్తున్నాడు.

“ఏం లేదండీ,” అనేసింది.

డాక్టరు తల ఊపి పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. ఒక మనిషి మనసు కష్టపెట్టలేక ఇంకో మనిషి ప్రాణం మీదికి తెస్తున్నాను అనుకుంది ఆ అమ్మాయి. అంతే, పరిగెత్తింది.

“డాక్టర్‌గారూ! అబద్ధం చెప్పాను. ఆవిడ ఆయన్ని గుర్తుపట్టడం లేదు!”

ఆ తర్వాత అన్నీ ఒక్కసారే జరిగాయి. స్ట్రెచర్ వచ్చింది, నర్సులు వచ్చారు. “సమయానికి చెప్పావు. ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం,” అన్నాడు డాక్టరు.

“క్షమించండి బాబాయిగారూ,” అంది శిష్యురాలు. ఆయన లేచి మంచం దగ్గరికి వచ్చాడు.

స్ట్రెచర్ మీదికి మార్చబోతే మేడమ్ మంచం కమ్మీ పట్టుకుని అరవడం మొదలుపెట్టింది. ఎవరు మీరంతా, ఎక్కడికి లాక్కెళ్తున్నారు, వదలండి అని. నర్సులకి ఒక్క ముక్క అర్థం కాలేదు. శిష్యురాలికి అన్నీ అర్థమవుతున్నాయి, కానీ ఏడుపు తన్నుకొచ్చి నోట మాట పెగల్లేదు.

అప్పుడు వినిపించింది ఇంకో గొంతు. నత్తి నత్తిగా, స్పానిష్‌లో.

“భయపడకండి అమ్మా. వీళ్ళు మంచివాళ్ళు. మీ తల నొప్పి తీసేస్తారు. మీరు వచ్చేదాకా నేను తలుపు దగ్గరే ఉంటాను.”

మేడమ్ భర్త! భార్యని ఉస్తెద్ అంటున్నాడు.

“మీకు... స్పానిష్ వచ్చా?” అంది శిష్యురాలు నోరు తెరిచి.

“వచ్చీ రాని భాషమ్మా. ఇందాక తప్పు విన్నానేమో అనుకున్నాను. నువ్వు ‘అంతే’ అనేసరికి ప్రాణం లేచొచ్చింది.” చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. “తప్పులు దిద్దుతుందని ఇన్నాళ్ళూ దాని ముందు నోరు విప్పలేదు.”

మేడమ్ కమ్మీ వదిలేసింది. అరుపు ఆగింది. కనుబొమలు ముడిచి ఆయన వైపు అలాగే చూసింది, క్లాసులో చివరి బెంచీ వైపు చూసినట్టు.

“మీరు క్రియలన్నీ తప్పు పలికారు,” అంది స్పానిష్‌లో. “ఎవరండీ మీకు నేర్పింది?”

ఆయన స్ట్రెచర్ పక్కనే నడుస్తూ, అంతే గౌరవంగా జవాబిచ్చాడు.

“మీరేనండీ. పక్క గదిలో మీరు పిల్లలకి పాఠం చెబుతుంటే, వంటింట్లోంచి విని నేర్చుకున్నాను.”