సర్కారు జొన్నకు దినం

"మా తల్లిగారింటి జొన్నతోని పందెమా? రాండ్రి సాబ్, చూస్కుందం!" అంది బక్కమ్మ, కొంగు నడుముకు బిగించి.

నైజాం సర్కారు వ్యవసాయ శాస్త్రవేత్త వహీద్ సాబ్ నవ్వి, తను తయారుచేసిన కొత్త విత్తనం మూట కింద పెట్టాడు. చూపుకు రెండూ ఒకేలాంటి పచ్చజొన్నలు. పానగల్ పక్కన బక్కమ్మ చెలకలో తూర్పు సగం సర్కారుది, పడమటి సగం బక్కమ్మది. గెలిచిన విత్తనమే వచ్చే ఏడు జిల్లా అంతా.

బక్కమ్మ కుండ బోర్లించి ఆఖరి గింజ దాకా మూటగట్టింది. పెళ్లినాడు తల్లి ఒడిలో పోసిన విత్తనం అది. ముప్పై ఏళ్లుగా కంటికి రెప్పలా కాపాడుకుంటోంది.

ఆమె మొగుడు మల్లప్పకు మాత్రం కంటి మీద కునుకు లేదు. "సర్కారు ఇత్తనం ఎండిందా, నీ చెలక జప్తే" అని ఊరి పటేలు అతని చెవిలో ఊదాడు మరి.

మొలకలొచ్చాక బక్కమ్మ ఊరుకుంటుందా! గొల్ల సైదులు దొడ్డి నుంచి గొర్రెల ఎరువు గంపలకొద్దీ మోసి, సాబ్‌కు తెలియకుండా పడమటి సగంలో చల్లింది.

"జర తూర్పు దిక్కు గూడ రెండు గంపలు పొయ్యరాదే" అని బతిమాలాడు మల్లప్ప.

"ఏందీ, సర్కారుకు అమ్ముడువోయినవా?"

మల్లప్ప ఖాళీ గంప అందుకుని దొడ్డి దారి పట్టాడు. అది అతనికి అలవాటే.

పడమట కంకులు పిడికిట పట్టనంత అయ్యాయి. తూర్పున పిట్ట కూడా వాలలేదు.

"ఎరువు పడ్డంక కంకి రూపే మారె సూడు!" అని మురిసిపోయింది బక్కమ్మ.

వహీద్ సాబ్ పెద్దమనిషి. జప్తు మాటే ఎత్తకుండా ఓటమి ఒప్పుకుని, బక్కమ్మ మెడలో దండ వేసి, పడమటి జొన్నంతా విత్తనానికని బండికెత్తించుకుని వెళ్లాడు.

తూర్పున పండింది ఒక్క గంపెడు.

"సచ్చిన సర్కారు జొన్నకు దినం పెడుతున్న, రాండ్రి!" అని బక్కమ్మ ఊరిని పిలిచింది. గంపెడూ తిరగలిలో విసిరి జొన్న గటక వండింది.

"పిడికెడన్న ఇత్తనానికి దాచవే" అన్నాడు మల్లప్ప.

"ఆ పీడ నా ఇంట్లెందుకు? నువ్వు గూడ తిను!"

ఊరంతా నవ్వుతూ తిన్నారు. గింజ మిగల్లేదు. మల్లప్పకు ముద్ద దిగలేదు.

విత్తే రోజు పొద్దున, సర్కారు విత్తనాన్ని నమ్మలేక, మూటలు రెండూ మార్చి పెళ్లాం చేతికిచ్చింది అతనే.