సంచిలో తొమ్మిది చీటీలు

"చేతులెత్తడం వద్దు పాస్టరు గారూ. అప్పలమ్మ నోటికి జడిసి ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. చీటీలే ఏద్దాం," అని పట్టుబట్టాడు జ్ఞానదాసు.

ఆదివారం ఆరాధన అయిపోయింది. చర్చి ఆఫీసు గదిలో కమిటీ కూర్చుంది. తేలాల్సింది ఒక్కటే. చర్చి గదుల్లో అద్దెకి ఆసుపత్రి నడుపుతున్న డాక్టరు శ్రీసత్యని ఉండనివ్వాలా, ఖాళీ చేయించాలా? ఆవిడ కాన్పులు చేస్తుంది. అడిగిన వాళ్లకి, చట్టం ఒప్పుకున్న మేరకు, గర్భం కూడా తీసేస్తుంది. ఆ రెండో పనే జ్ఞానదాసుకి గిట్టదు. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక ఆయన మొదలుపెట్టిన యుద్ధాల్లో ఇదే పెద్దది.

డాక్టరమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఓడిపోతే నెలాఖరుకి సామాను సర్దుకోవాలి. జాలరిపేట ఆడవాళ్లు జంకు లేకుండా మెట్లెక్కే ఆసుపత్రి అదొక్కటే. అదీ పోతుంది.

జ్ఞానదాసు అరగంట మాట్లాడాడు. బల్ల గుద్దాడు. మంచినీళ్లు తాగి మళ్లీ గుద్దాడు.

"దేవుని గుమ్మంలో హత్య జరుగుతంటే మనం అద్దె పుచ్చుకుంతన్నాం!"

ఒక్కొక్కరే లేచి ఆయన మాటే నిజమన్నారు. బెన్సన్ అయితే కళ్లు కూడా ఒత్తుకున్నాడు. నీళ్లు మాత్రం రాలేదు.

మిగిలింది అప్పలమ్మ. పేటలో చేపలమ్మే మనిషి. కమిటీలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి.

"నానైతే సచ్చినా సేయించుకోను. మా కోడలు ఎల్తానంటే కాళ్లట్టుకుని ఆపుతాను. పాపమనే అంతాను. కానీ ఇంకో ఆడకూతురి కష్టం నాకేటి తెల్సు? ఆ తలుపుకి తాళం మాత్రం నానెయ్యను."

"రెండు పడవల మీద కాళ్లెడితే ములిగిపోతావ్ అప్పలమ్మా!" అన్నాడు జ్ఞానదాసు. అందరూ నవ్వారు.

"జెట్టీకాడికి ఎప్పుడైనా వొచ్చావేటి దాసన్నయ్యా? పడవలన్నీ ఆనించి కట్టేత్తారు. ఒకదాని మీదొక కాలు, ఇంకోదాని మీదొక కాలు ఏసుకుంతేనే ఒడ్డెక్కేది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరు యోహాన్ గారు దగ్గి, కాగితాలు పంచమన్నారు. ఆయనకి ఓటు లేదు. సభ్యులు తొమ్మిది మంది.

పరీక్షలో పక్కవాడు చూసేస్తాడేమో అన్నట్టు బైబిళ్లు అడ్డం పెట్టుకుని రాశారు. కానుకల సంచి తిప్పారు. కానుక వేసినట్టే పిడికిలి మూసి లోపల పెట్టి, ఉత్త చేతులు బయటికి తీశారు.

పాస్టరు గారు మొదటిది విప్పారు. "ఉండనివ్వాలి."

అందరూ అప్పలమ్మ వైపు కొరకొరా చూశారు.

"ఉండనివ్వాలి."

అప్పలమ్మే ఉలిక్కిపడింది.

మూడు. నాలుగు. అయిదోదానితో లెక్క తేలిపోయింది. డాక్టరమ్మ ఉంటుంది.

"ద్రోహులు! ఇప్పుడేగదేటి నిలబడి మరీ సెప్పారు!" జ్ఞానదాసు మళ్లీ బల్ల గుద్దాడు. బెన్సన్ ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆరు. ఏడు. ఎనిమిది. గదిలో తలలన్నీ వంగిపోయాయి.

అప్పలమ్మకి నిజంగానే జాలేసింది. "ఊరుకో అన్నయ్యా. ఒక్కడివైనా అన్నమాట మీద నిలబడ్డావు. మగాడివి."

బెన్సన్ వచ్చి ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. మరో ఇద్దరు భుజం తట్టారు. జ్ఞానదాసు మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"సర్లెండి. అయిందేదో అయింది. ఇంక ఆ ఆఖరిది ఇప్పడం దేనికి పాస్టరు గారూ? ప్రార్థన చేసేసుకుని ఎల్లిపోదాం."

"లెక్క పూర్తవ్వాలి కదండీ," అంటూ పాస్టరు గారు సంచి అడుగు నుంచి తొమ్మిదో చీటీ తీసి, విప్పి, కళ్లజోడు సవరించుకుని, "ఉండనివ్వాలి" అని చదివారు.