వెనక తలుపు లేని నైట్ క్లబ్

"గుమ్మంలో నిలబడ్డ ఈ లావుపాటోడు ఎవడే?"

తులసమ్మ చార్టు కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని కోడల్ని అడిగింది. కాగితం మీద గదులు గీసి, పైన పెద్ద అక్షరాలతో 'నైట్ క్లబ్' అని రాసి ఉంది. దుప్పటి మార్చబోతే పరుపు కింద దొరికింది.

కీర్తిప్రియ పాప గుడ్డలు మడతపెడుతోంది. ఇప్పుడు భయపడాలి కదా అనుకుంది. భయం రాలేదు. పాప పుట్టిన దగ్గర్నించి ఏదీ రావాల్సినప్పుడు రావడం లేదు, నిద్రయినా ఏడుపయినా.

"బౌన్సరండీ అత్తయ్యా. కాపలా మనిషి. ఎవరు లోపలికి రావాలో, ఎవరు బయటికి పోవాలో చూస్తాడు."

"క్లబ్బులతో నీకేం పని? మీ చినమావయ్య తోటంతా పేకముక్కల్లో పోసింది క్లబ్బులోనే."

"ఇది పేకాట క్లబ్బు కాదండీ. డాన్సులేసే క్లబ్బు."

"ఇంకా బాగుంది."

"నిజంది కాదత్తయ్యా. ఆట. నూజివీడులో మా కాలేజీ వాళ్ళు కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఈ క్లబ్బు ఎలా ఉంటుందో నేను ఫోన్లో చెప్తా. వాళ్ళు తలా ఒక వేషం అనుకుని, లోపల ఏం చేస్తారో చెప్తారు. ఆ పని అయిందో లేదో పాచికలు వేసి చూస్తారు."

"మరి డాన్సెవరు వేస్తారు?"

"ఎవరూ వెయ్యరు. వేశామని చెప్తారంతే."

తులసమ్మ కోడలి మొహంలోకి చూసింది. "రెండో సంవత్సరం దాకా చదివింది ఇందుకా? సాయంత్రం కిషోర్ రానీ. ఈ కాగితం వాడి చేతిలో పెడతా. ఆ ఫోను సంగతి వాడే చూసుకుంటాడు."

చూసుకుంటాడు. మొగుడు ఫోన్ తీసుకుని బీరువాలో పెడతాడు. ఆదివారం మధ్యాహ్నం పాప పడుకున్న ఆ గంట పోతుంది. వారం మొత్తంలో ఎవరైనా ఆమెను పేరు పెట్టి పిలిచేది ఆ గంటలోనే. కీర్తి ఇంకో గుడ్డ తీసి మడతపెట్టింది.

అంతలో ఫోన్ మోగింది. ఆట ఆడే కాలేజీ స్నేహితురాలు లావణ్య.

"స్పీకర్లో పెట్టు. నేనూ వింటా" అంది తులసమ్మ.

"కీర్తీ, ఇవాళైనా బయటికి దారి చూపిస్తావా లేదా?" అంది లావణ్య. "నెల్నించీ నీ క్లబ్బులోనే తిరుగుతున్నాం. ఉదయ్ కిరణ్ ఇంక ఆడనంటున్నాడు."

"బౌన్సర్‌కి చెప్పి బయటికి పోవచ్చుగా."

"చెప్పాంగా. 'వెళ్ళొస్తాం అన్నా' అని మర్యాదగానే చెప్పాం. 'అయితే వచ్చేశారు' అన్నావు. మళ్ళీ లోపల పడ్డాం."

"మీరే వస్తామన్నారుగా."

"మరేమంటాం? గుమ్మంలో నిలబడి 'వెళ్తా' అని ఎవరైనా అంటారా? నోటికి రావద్దూ? ఇంకో దారి పెట్టు తల్లీ. అరగంటలో మళ్ళీ చేస్తా. దారి లేకపోతే ఇవాళ్టితో ఆట మానేద్దాం."

ఫోన్ పెట్టేసింది.

"వస్తామని వాళ్ళే అన్నారుగా మరి" అని గొణిగింది తులసమ్మ. పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలి ఆగిపోయింది. "ఒక తలుపు పెట్టొచ్చుగా. గీతలే కదా, ఇటుకలా సిమెంటా."

"ఎక్కడ పెట్టాలో తెలీటంలేదండీ."

అబద్ధం కాదు. గీసిన చోటల్లా చెరిపేసింది. కాగితం అక్కడక్కడ నూగులేచింది కూడా. నైట్ క్లబ్ ఆమె ఎప్పుడూ చూడలేదు. తెలియని చోటల్లా తెలిసింది పెట్టుకుంటూ పోయింది.

తులసమ్మ కాగితాన్ని నేల మీద పరిచి కూర్చుంది. వేలు పెట్టి నడిపించింది.

"మందు పోసే బల్ల ఇదా?"

"అవునండీ."

"ఇది మన వంటింటి గట్టు." వేలు పక్కకి జరిగింది. "డాన్సులు?"

"అక్కడండీ."

"కాయలు మగ్గేసే గది."

ఆ గదిలో ఇప్పుడు వరిగడ్డి కింద చిన్నరసం మామిడికాయలు మగ్గుతున్నాయి. వాసన ఇల్లంతా ఉంది. తులసమ్మ వేలు మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చి ఆగింది.

"ఈ లావుపాటోడి పక్కన మంచం దేనికి?"

వీధి అరుగు మీది మంచంలోంచి మామగారు లక్ష్మీనరసింహారావు గొంతు సవరించుకున్నాడు. ఇంట్లోంచి ఎవరు కదిలినా ఆ మంచం దగ్గర ఆగి, ఎక్కడికో ఎందుకో చెప్పే కదలాలి.

"ఎవరితో ఆ కబుర్లు?" అన్నాడు ఆయన.

"ఎవరితోనూ లేదండీ. కాయలు తిప్పుతున్నాం" అంది తులసమ్మ. గొంతు తగ్గించి కోడల్ని అడిగింది. "వెనక గోడంతా నల్లగా పులిమావేంటి?"

"స్పీకర్లండీ. మగ్గేసే గదిలో ఆ గోడ మధ్యన ఎన్నిసార్లు వేసినా సున్నం నిలవదుగా. బాగోలేదని అడ్డం పెట్టా."

తులసమ్మ చెయ్యి చాపింది. కీర్తి రబ్బరు ఇచ్చింది. ఆవిడ స్పీకర్లని తాపీగా చెరిపేసి, నుసి ఊది, పెన్సిలు అడిగింది. ముగ్గు వేసే చెయ్యి. ఒక్క వణుకూ లేకుండా రెండు నిలువు గీతలు, పైన ఒక అడ్డ గీత గీసింది.

"ఇక్కడ పెట్టు. తోటలోకి వెళ్తుంది. తోట దాటితే ఆగిరిపల్లి రోడ్డు. చెయ్యెత్తితే బస్సాపుతారు."

కీర్తి ఆ గీతల వంక చూసింది. "అక్కడ తలుపెక్కడుందత్తయ్యా?"

"ఉండేది" అంది తులసమ్మ, పెన్సిలు తిరిగిచ్చేస్తూ. "కిషోర్ పాలు తాగే పిల్లాడప్పుడు ఒకసారి దాంట్లోంచి వెళ్ళా, వెళ్ళొస్తా అనకుండా. నన్ను తీసుకొచ్చిన మర్నాడే మీ మావయ్యగారు ఇటుకలు పేర్పించేశారు."