రోల్ నంబరు పందొమ్మిది

“మీ అమ్మాయి వీకా?” అనడిగాడు చైర్మన్, ఫైలులోంచి తలెత్తకుండా.

“మూడు వీక్‌లకోసారి సార్,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

“నేనడిగింది చదువులో వీకా అని.”

“ఓహో. అదీ ఉంది సార్. మూడు వీక్‌లకోసారి రక్తం ఎక్కించుకోకపోతే మనిషి వీకు, ఎక్కించుకోడానికి వెళితే చదువు వీకు.”

ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు గదిలో బల్లకి అటువైపు ముగ్గురు: ప్రత్యేక విద్య కమిటీ చైర్మన్, హెడ్మాస్టరు, క్లాసు టీచరు. ఇటువైపు మెకానిక్, అతని పక్కన బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఏడో క్లాసు కూతురు. రోజంతా జనాన్ని పైకెక్కించే మనిషికి, తన పిల్లని ఒక్క మెట్టు ఎక్కించమని అడగడం మాత్రం బరువైపోయింది.

అడిగేది కొండంతేం కాదు. తలసీమియా పిల్ల. ఆసుపత్రి రోజుల్లో పోయిన పాఠాలు మళ్లీ చెప్పే టీచరు, పరీక్షలో ఒక గంట ఎక్కువ. ఇవాళ కమిటీ కాదంటే మళ్లీ వచ్చే ఏడాదే. ఇప్పటికే లెక్కల్లో వందకి పద్దెనిమిది మార్కులు. అప్పటికి ఏ అంతస్తుకి దిగుతాయో తలుచుకుంటే, అతనికి తాడు తెగిన లిఫ్టులో నిలబడ్డట్టుంది.

“జబ్బుంటే చాలదండీ,” అన్నాడు చైర్మన్. “జబ్బు వల్ల చదువు దెబ్బతినాలి. అది రూలు. రోల్ నంబరు పందొమ్మిది... ఈ ఏడాది ఒక్క రోజూ బడి మానలేదే.”

హాజరు పట్టీ చూసి మెకానిక్ బేజారెత్తిపోయాడు. వరసంతా టిక్కులే.

“మానకపోవడమేంటి సార్? పదమూడు సార్లు నేనే తీసుకెళ్లాను. ప్రతిసారీ రెండేసి రోజులు. ఇవిగో ఆసుపత్రి చీటీలు.”

చైర్మన్ చీటీనీ, రిజిస్టరునీ పక్కపక్కన పెట్టి వేలితో వెతికాడు. “ఈ మంగళవారం చూడండి. చీటీలో మంచం మీదుంది, రిజిస్టరులో బెంచీ మీదుంది. పిల్ల ఒకటా, రెండా?”

“నా రిజిస్టరులో తప్పుండదు,” అంది టీచరు. “నంబరు పిలుస్తాను, పలుకుతారు, టిక్కు పెడతాను. పదిహేనేళ్లుగా తల కూడా ఎత్తకుండా రెండు నిమిషాల్లో నలభై మంది. హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వనని మొదటి రోజే చెప్పేస్తాను. నా క్లాసులో అందుకే ఎవరూ మానరు.”

“అంటే తప్పు చీటీల్లో ఉందన్నమాట,” అన్నాడు చైర్మన్. “రోజూ వచ్చి కూడా మార్కులు రాకపోతే దాన్ని జబ్బనరు, బద్ధకం అంటారు. ఈ చీటీలు ఎక్కడ పుట్టాయో తర్వాత తేలుస్తాం.”

మెకానిక్ చీటీలు వెనక్కి లాక్కున్నాడు. కూతురి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పమ్మా. ఆ రోజుల్లో ఎక్కడున్నావు?”

“ఆసుపత్రిలోనే నాన్నా,” అంది పిల్ల, బ్యాగుతో చెబుతున్నట్టు.

“మరి ఈ టిక్కులేంటి?”

బ్యాగు జిప్పు తెరుచుకుంది. పిల్ల నోరు తెరుచుకోలేదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. డ్రిల్లు మాస్టారు తలుపులోంచి తొంగి చూశాడు. “టీచరు గారూ, మీ క్లాసు సంగతేంటి?”

“ఇది ఇప్పట్లో అయ్యేలా లేదు. హాజరు మీరు తీసుకోండి మాస్టారూ. రిజిస్టరు ఇక్కడుంది, కాగితం మీద రాసుకోండి.”

క్లాసు పక్క గదే. మధ్యలో చెక్క గోడ. డ్రిల్లు మాస్టారి గొంతుకి ఇటుక గోడే లెక్క కాదు, ఇక చెక్కెంత? ఒకటి, రెండు అంటూ నంబర్లు ఇటువైపుకే వచ్చి పడుతున్నాయి.

చైర్మన్ పెన్ను మూత తీశాడు. “అనర్హురాలు అని రాస్తున్నాను.”

“ఒక్క నిమిషం సార్...” అంటూ మెకానిక్ లేచి నిలబడ్డాడు. అప్పటికే ‘అ’ పడిపోయింది.

“పద్దెనిమిది,” అన్నాడు గోడవతల డ్రిల్లు మాస్టారు.

“ప్రెజెంట్ సార్.”

“పందొమ్మిది.”

పందొమ్మిది ఇక్కడ తండ్రి పక్కన కూర్చునుంది.

“ప్రెజెంట్ సార్,” అన్నాయి గోడవతల నుంచి నాలుగు గొంతులు, ఒక్కసారే.

పెన్ను ఆగింది. పదిహేనేళ్ల తర్వాత టీచరు తలెత్తింది. అందరూ పిల్ల వైపే చూశారు.

పిల్ల జిప్పు మూసేసింది.

“ఇవాళ ఎవరి వంతో చెప్పి రావడం మర్చిపోయాను నాన్నా.”