పావు చుట్టు

అర చుట్టు తిప్పితే ఎవరైనా పట్టేస్తారు. పావు చుట్టు చాలు. పక్కపక్కన మూడు స్పోకులు, ఒక్కోటీ పావు చుట్టు. రిమ్ము పక్కకు గుంజి బ్రేకు రబ్బరుకు రాసుకుంటుంది. తెల్ల సైకిలు మొరాయిస్తుంది. రేపు రేసుకు ముందు జరగాల్సిన గౌరవ రౌండు ఆగిపోతుంది. అంతే. పాపం కూడా పావు వంతే.

ఆ చక్రాన్ని ఆయన పొద్దున్నే కడిగాడు. రిమ్ముకు సబ్బునీళ్లు, హబ్బు సందులకు పాత టూత్‌బ్రష్షు. నూనె మరక లేని పొడిగుడ్డతో తుడిచి, వంకర లేకుండా బెండు తీసి, వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. అంత అందంగా తిరిగినందుకే ఒళ్లు మండింది.

ఆ సైకిలు ఎక్కబోయేది ఆ మనిషి. అతని గుట్టు తనకొక్కడికే తెలుసు. మలుపులో ఎంత వంగాలో రేసు కుర్రాళ్లకు చెబుతాడు. ఎత్తెక్కేటప్పుడు ఊపిరి ఎలా దాచుకోవాలో చెబుతాడు. అన్నీ వినికిడి విద్యలే. పైన పటారం, లోన లొటారం. అలాంటివాడు రెండు వందలమందికి ముందు తొక్కడమా?

క్లబ్బు కార్యదర్శి షెడ్డులోకి తొంగిచూశాడు.

"మన తెల్ల గుర్రం ఎలా ఉంది మాస్టారూ?"

"ఇంకా చూస్తున్నా."

"రేపటి పెద్దమనిషికి ఏ లోటూ రాకూడదు సుమండీ. బ్యానరు మీద బొమ్మ కూడా వేయించాం."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

బొమ్మ కూడానా. ఆయన స్పోకు కీ అందుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. ముప్ఫయ్యేళ్ల పనిలో కావాలని ఒక్క చక్రాన్ని చెడగొట్టి ఎరగడు. కీ తుడిచి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు మైదానంలో ఆయన పెళ్లివారింట పెద్దలా నిశ్చింతగా నిలబడ్డాడు. భార్య పక్కకొచ్చింది.

"అన్నట్టు, పొద్దున ఆ తెల్ల సైకిలు చక్రం తిప్పి చూశానండీ. వంకరపోతోంది. మీ చేతి పని అలా ఉండదే అనుకుని బెండు తీసేశా."

"నువ్వా? నీకెప్పుడొచ్చింది?"

"ఇన్నేళ్లూ మీ పక్కన కూర్చుని చూడ్డంలేదూ? కొన్ని చూస్తే వచ్చేస్తాయి. కొన్ని ఎక్కితేగానీ రావు."

ఆవిడ పెదవి చివర నవ్వు మెదిలింది.

ఆయన గబగబా వెళ్లి ముందు చక్రం ఎత్తి తిప్పాడు. చప్పుడు లేదు. తనకంటే బాగా తీసింది. కీ కోసం జేబు తడుముకుంటుండగానే మైకు గరగరలాడింది.

"గౌరవ రౌండు తొక్కడానికి మన చక్రాల మాస్టారు సిద్ధం" అని వినబడగానే, ముప్ఫయ్యేళ్లుగా ఎవరి సైకిలైనా పక్కన నడిపించుకుంటూ మాత్రమే తీసుకెళ్లిన ఆయన, జీవితంలో తొలిసారి పెడల్ మీద కాలు పెట్టాడు.